నోరు పడ్డ మందు

మంగళవారం ఉదయం ఎనిమిదయినా మూడో కుర్చీ ఖాళీగానే ఉంది.

భారతి ఆ కుర్చీ పక్కనున్న డయాలసిస్ మిషనుకి గొట్టాలు తగిలించి, సెలైను ఎక్కించి, లోపలి గాలిబుడగలు పోయేదాకా ఫిల్టరును అరచేత్తో తట్టింది. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని కనుక చెయ్యి దానంతటదే తడుతోంది, కళ్ళు మాత్రం తలుపు మీదున్నాయి. ఆ కుర్చీ ఆమె మేనమామ అప్పలసూరిది. మంగళవారం, శుక్రవారం, పొద్దుటి బ్యాచి. భావనపాడు నుంచి తొలి ఆటోలో వచ్చి, అందరికన్నా ముందు కాటా ఎక్కి "ఎంత పెరిగేనే అమ్మీ" అని అడిగే మనిషి. మొన్న శుక్రవారం రాలేదు. ఫోను చేస్తే అత్త ఎత్తి, ఎవరిదో పెళ్ళికి వెళ్ళాడంది. ఈరోజు ఆ ఫోను కూడా ఎత్తడం లేదు.

"అరగంట దాటిపోయింది మేడమ్," అంది ఝాన్సీ. కొత్తగా చేరిన పిల్ల, నియమాలన్నీ ఇంకా గుర్తున్నాయి. సెలైను ఎక్కించి సిద్ధం చేసిన గొట్టాలను అరగంటకు మించి ఉంచకూడదు. భారతి ఇంకో పది నిమిషాలు చూసి, వాటిని విప్పి బుట్టలో పడేసింది.

నాలుగో కుర్చీలో తవిటమ్మ ఎడమ చెయ్యి చాపుకుని కూర్చుంది. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆమె వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి, ఎంత తోమినా ఆ మరకలు పోవు. మోచేతి కింద నరాలు కలిపి కుట్టిన చోట భారతి రెండు వేళ్ళు ఆనించింది. లోపల రక్తం పిల్లి గుర్రుమన్నట్టు ఆడుతోంది. బాగుంది.

"సూది ఆ కొత్తమ్మ సేతికియ్యకు. నువ్వే గుచ్చు."

"ఝాన్సీది నాకన్నా మెత్తని చెయ్యి, తవిటమ్మా."

"అయితే అవనీ. నాకు నీ మీదే నమ్మకం." తవిటమ్మ మొహం గోడవైపు తిప్పుకుని, రెండు సూదులూ దిగాక మళ్ళీ ఇటు తిరిగింది. "మావూళ్ళో ముగ్గురు ఆ నాటుమందు గోవిందు కసాయం తాగుతన్నారమ్మా, కిడ్నీలు బాగవుతాయని. మా కోడలు నన్నూ తాగమన్నాది. భారతమ్మ వద్దన్నాది, నాను ముట్టనని సెప్పేసేను."

భారతి ప్లాస్టరు అంటిస్తూ తలూపింది. ఊళ్ళో ఒక్కరైనా విన్నారు కదా అనుకుంది. ఆ సంతోషం పది నిమిషాలుంది.

మేనేజరు తిరుమలరావు తన గదిలోకి పిలిచి ఫోను ఆమె వైపు తిప్పాడు. గోవిందు తరఫున ఏదో లాయరు పంపిన నోటీసు. దాని కింద శుక్రవారం సాయంత్రం భారతి గోవిందు వీడియోకి రాసిన కామెంటు ఫొటో. నాలుగు వాక్యాలే రాసింది. "నేను డయాలసిస్ చేస్తాను. ఈ కషాయం తాగి డయాలసిస్ మానేసిన ముగ్గురు ఒళ్ళు ఉబ్బి మా దగ్గరికి వచ్చారు. ఒకరు తిరిగి ఇంటికి వెళ్ళలేదు. దయచేసి మానకండి." ఆ నాలుగు వాక్యాలకి ఆరువందల మంది జవాబు రాశారు. అమ్ముడుపోయినదన్నారు, నీ ఇంట్లో వాళ్ళకీ రావాలని శపించారు, ఆమె పెళ్ళి ఫొటో వెతికి తెచ్చి దాని మీద బొమ్మలు గీశారు. ఆ ముగ్గురూ ఎవరు అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

"నువ్వు రాసింది తప్పని నేననను," అన్నాడు తిరుమలరావు. విజయనగరం మనిషి, మాట పెంచడు. "డయాలసిస్ చేస్తానని ఎందుకు రాశావంటున్నాను. మనల్ని లాగుతున్నాడు."

"చేస్తాను కాబట్టే తెలుసు సార్."

"తీసెయ్యి, పోతుంది."

"తీయను సార్."

తిరుమలరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అనలేదు పెద్దలు. కానీ ఉలిక్కిపడ్డవాడికి లాయరు కూడా ఉంటే ఏం చెయ్యాలో వాళ్ళు చెప్పలేదు. "రేపు సెలవు కావాలి సార్, మా మావయ్య రావడం లేదు," అంది భారతి. అతను వెంటనే ఇచ్చేశాడు. ఆమె ఒక రోజు కనపడకపోవడం అతనికీ మంచిదే.

*

బుధవారం పది గంటలకి భావనపాడులో ఆటో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఒడ్డున తెప్పలు బోర్లించి ఉన్నాయి. ఇద్దరు ముసలాళ్ళు వల కాళ్ళ మీద పరుచుకుని చిరుగులు అల్లుతున్నారు. వాళ్ళకి భారతి చిన్నప్పటి నుంచి తెలుసు. ఎప్పుడొచ్చావమ్మా అని అడగాల్సినవాళ్ళు తలవంచుకుని అల్లుకుంటూ పోయారు.

అప్పలసూరి వసారాలో నులకమంచం మీద గోడకి చేరబడి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి కూర్చున్నాడని భారతికి చూడగానే తెలిసింది. కళ్ళ కింద సంచులు దిగాయి. ఆమె నేల మీద చతికిలబడి అతని చీలమండ మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, పూడలేదు. తలెత్తితే తలుపులోంచి దేవుడి గూట్లో గోవిందు కషాయం సీసా కనపడింది.

"ఎన్నాళ్ళయింది మావా ఈ కషాయం మొదలెట్టి?"

"పోయిన మంగళారం నీకాడ రక్తం కడిగించుకొని వచ్చేను కదా. ఆ సాయంత్రమే."

"మరి పెళ్ళికెళ్ళేవన్నాది అత్త."

అత్త లక్ష్మణమ్మ లోపల్నుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టింది. "మరేటి సెప్పమంటావు. నీకు తెలిస్తే పడనియ్యవు. నలభైఒక్క రోజులు తాగాల, ఆ నలభైఒక్క రోజులూ మిసను జోలికి పోకూడదన్నాడు గోవిందు."

"తొలి మూడ్రోజులు ఎంత బాగుండీదే అమ్మీ," అన్నాడు అప్పలసూరి, ప్రతి రెండు మాటలకీ ఊపిరి తీసుకుంటూ. "ఒళ్ళు తేలికైపోయింది. తీరం దాకా నడిసేను."

మంగళవారం మూడు కిలోల నీరు తీసి పంపింది కనుక తేలికయ్యాడు. ఆ మాట భారతి నాలుక చివరిదాకా వచ్చింది.

"సుక్కురారం నుంచే తిరగబడిపోయింది," అంది లక్ష్మణమ్మ. "సుక్కురారమే కదా నువ్వు ఆ రాత రాసేవు. ఊరంతా సదివేరు. నీ నోరు పడ్డాది మందు మీద."

కోపంగా అనలేదు. వాన వచ్చింది, బట్టలు తడిశాయి అన్నట్టే అంది. అందుకే అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఈ ఊళ్ళో మాట అంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు. వరసగా మూడుసార్లు వల ఖాళీగా వస్తే, దాని మీద ఎవరి నోరు పడిందా అని వెతుకుతారు. "ఏటి పడతాది మీకు" అని ఎవరు నవ్వుతూ అన్నా సరే, ఆ మనిషినే ఒడ్డుకి పిలుస్తారు. కొట్టరు, తిట్టరు. పసుపునీళ్ళు చేతికిచ్చి వల మీద చల్లమంటారు. అన్న మాటని అన్నచోటే వెనక్కి తీసుకుని, నిండుగా పడాలని మూడుసార్లు అనమంటారు. ఆమెకి పదేళ్ళప్పుడు తన తల్లి చేత కూడా అలా అనిపించారు. మరునాడు వల నిండా కవ్వళ్ళు పడ్డాయి, అందరూ నవ్వుకున్నారు.

"మావా, అది వల కాదు. నీ ఒంట్లో విషం చేరిపోతంది. గుండె ఏ పూటైనా ఆగిపోతాది. ఇప్పుడే ఆటో ఎక్కు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె నిజంగానే కాళ్ళు పట్టుకుంది. అప్పలసూరి ఉబ్బిన చేత్తో ఆమె తల నిమిరాడు. చిన్నప్పుడు ఈ మనిషి భుజాలెక్కే ఆమె సముద్రం చూసింది.

"నీ మాట నానెప్పుడు కాదన్నాను? నాలుగేళ్ళు వచ్చేను. కానీ ఇలా మందు మీద నోరుంచుకొని మద్దెలో లేస్తే, రెంటికీ సెడిపోతాను. నువ్వు నోరు ఎనక్కి తీసుకో. నాను ఆటో ఎక్కుతాను."

గోవిందుకి అప్పటికే ఎవరో ఫోను చేశారు. పావుగంటలో స్కూటరు మీద వచ్చాడు. భారతి ఊహించుకున్న దొంగ మొహం కాదతనిది. నలభై ఏళ్ళుంటాయి, నీరసంగా, మర్యాదగా ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, అప్పలసూరి నాడి చూశాడు. గోవిందు మొహంలో కూడా భయం కనపడింది.

"గోవిందు గారూ, మీరే చూస్తున్నారు కదా. ఇతను సాయంత్రం దాకా ఉండడు," అంది భారతి.

"మా అమ్మ మూడేళ్ళు ఎక్కింది మేడమ్ మీ మిసను," అన్నాడతను నెమ్మదిగా. "అక్కడే పోయింది. మిసను మీద బాగయి లేసి, మళ్ళీ ఎక్కక్కర్లేనోడ్ని ఒక్కడ్ని సూపించండి. నాను రేపే దుకాణం కట్టేస్తాను."

"మిషను బాగు చెయ్యదు. బతికిస్తుంది, అంతే."

"మరి జనానికి బాగవ్వాలనే ఉంటాది కదా."

ఆ మాటకి జవాబు పన్నెండేళ్ళలో ఏ డాక్టరు దగ్గరా భారతి వినలేదు.

లక్ష్మణమ్మ పళ్ళెంలో పసుపునీళ్ళు తెచ్చి, దేవుడి గూట్లోంచి కషాయం సీసా దించింది. గోవిందు ఫోను తీశాడు. "నలభైఒక్క రోజుల మండలం మద్దెలో మిసను పడదు. పెద్దాయన కోసం ఒప్పుకుంటాను. కానీ మేడమ్, మీరు ఇంట్లో కూకొని అన్లేదు. లోకం ముందు అన్నారు. లోకం ముందే ఎనక్కి తీసుకోవాల."

ఆ మాటలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఈ ఊరి ధర్మమే చెప్పాడు. భారతి అప్పలసూరి మెడ వైపు చూసింది. నరం ఉబ్బి, కొట్టుకుని, ఒక దెబ్బ తప్పి, మళ్ళీ కొట్టుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. గొయ్యిలో పడితే ఎవరైనా లాగుతారేమో అని ఆమె గొయ్యి ఎంచుకుంది.

సీసా మీద పసుపునీళ్ళు చల్లింది. ఫోను వైపు చూసి, ఆసుపత్రిలో రోగుల ముందు మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "నా పేరు భారతి. డయాలసిస్ చేస్తాను. ఈ మందు గురించి నేనన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. మందు మంచిది, పట్టాలి, పట్టాలి, పట్టాలి. కానీ మందు తాగేవాళ్ళు డయాలసిస్ మాత్రం మానకండి." చివరి వాక్యం ఎవరూ అడగలేదు. తానే తెలివిగా చేర్చాననుకుంది.

అప్పలసూరి మాట నిలబెట్టుకున్నాడు. లుంగీ సర్దుకుని, ఆమె భుజం ఆసరాతో ఆటో దాకా నడిచాడు. ఎక్కబోతూ ఆగాడు. "ఇంకోపాలి నోరు పడిందంటే మాత్రం నాను రాను అమ్మీ. దానికి మించి నన్నేటీ అడక్కు."

"అనను మావా," అంది భారతి.

*

ఆ రోజు నాలుగు గంటలు మిషను మీద ఉంచితే నాలుగున్నర కిలోల నీరు వచ్చింది. గురువారం పొద్దున్న వార్డులో అప్పలసూరి గోడ అవసరం లేకుండా కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. డాక్టరు కాగితం చూసి, ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు. అప్పలసూరి ఆ మాట శ్రద్ధగా విని, డాక్టరు వెళ్ళాక భారతి చెయ్యి పట్టుకున్నాడు.

"సూసేవా. నువ్వు నోరు ఎనక్కి తీసుకున్నావు, మందు పట్టేసింది."

భారతి నవ్వింది. ఇంకేం చేస్తుంది. పక్క మంచం మనిషి ఆసక్తిగా ఇటు జరిగాడు. అప్పలసూరి అతనికి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఇక్కడ ఊడిన నాలుక భారతిది.

మధ్యాహ్నం అన్నం తినేచోట ఝాన్సీ తన ఫోను తెచ్చి, మాట్లాడకుండా ముందు పెట్టింది. తప్పు ఒప్పుకున్న డయాలసిస్ మేడమ్, అని పేరు పెట్టారు. అరనిమిషం వీడియో. సీసా మీద పసుపునీళ్ళు చల్లడం ఉంది, మందు మంచిది అనడం ఉంది, పట్టాలి అని మూడుసార్లూ ఉంది. ఆ తర్వాత గోవిందు ఫోను నంబరు వచ్చింది. ఆమె చివరి వాక్యం లేదు. కింద రాద్దామంటే కామెంట్లు మూసేశారు. అప్పటికి లక్షా పదివేల మంది చూశారు.

గోవిందుకి ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. "మందు మీద అన్నది మందు సానెల్లో పెట్టేను మేడమ్. మిసను గురించి సెప్పుకోడానికి మీకు మీ ఆసుపత్రి ఉన్నాది కదా." తిరుమలరావు దగ్గరికి వెళితే, అతను చూసి నిట్టూర్చాడు. నోటీసు వెనక్కి తీసుకున్నారట. "మళ్ళీ ఏమీ రాయకు భారతీ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది," అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు పాపం.

తానే ఒక వీడియో తీసి పెడదామని సాయంత్రం స్టాఫ్ గదిలో ఫోను నిలబెట్టి కూర్చుంది. నా పేరు భారతి, అని మొదలుపెట్టి ఆగిపోయింది. వార్డులో అప్పలసూరి చేతిలోనూ ఫోను ఉంది. పొద్దుట్నుంచీ మేనకోడలి వీడియో చూపించని మనిషి లేడు. ఇంకోపాలి నోరు పడిందంటే, అన్నాడు. అతను మాట తప్పే మనిషి కాదు. అదే భయం. ఫోను పక్కన పెట్టేసి రేపటి బ్యాచికి ఫిల్టర్లు లెక్కపెట్టుకుంది, రెండుసార్లు తప్పింది.

*

శుక్రవారం ఎనిమిదింటికి మూడో కుర్చీలో అప్పలసూరి ఉన్నాడు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది.

భారతి నాలుగో మిషనుకి గొట్టాలు తగిలించింది, సెలైను ఎక్కించింది, ఫిల్టరు తట్టింది. బస్సు ఆలస్యమై ఉంటుంది. అప్పలసూరికి సూదులు గుచ్చి, ఎర్ర గొట్టం, నీలి గొట్టం కలిపి, మిషను తిప్పింది. ఎనిమిదీ ఇరవై.

"జీడిపిక్కలామె రానేదేటి?" అన్నాడు అప్పలసూరి.

"వస్తాది మావా."

"మానీసిందేమో. మానీసిందంటే బాగయినట్టే కదేటి." ఎంతో సంతోషంగా అన్నాడు. వేరొకరి మేలు కోరే మనిషి, ఎప్పుడూ అంతే.

భారతి ఫోను తీసుకుని నడవాలోకి వెళ్ళి, తలుపు మూసింది. తవిటమ్మ రెండో పిలుపుకి ఎత్తింది. ఆమె గొంతు వెనక టక్కు టక్కుమని పిక్కలు కొట్టే చప్పుడు వస్తోంది.

"భారతమ్మా, నువ్వేనేటి. నానే సేద్దామనుకున్నాను. నిన్న పొద్దుటే మొదలెట్టేనమ్మా."

"ఏం మొదలెట్టేవు?"

"అదే, కసాయం. నిన్ను సెల్లులో సూసేను. మా కోడలు సూపించింది. నాను నమ్మక మూడుపాలులు సూసేను. నీ మొకమే, నీ గొంతే. పనికి కూడా వచ్చేసేను సూడు."

భారతి గోడకి ఆనుకుంది. తలుపు అద్దంలోంచి అప్పలసూరి వీపు కనిపిస్తోంది. గొంతు తగ్గించి మొత్తం చెప్పేసింది. అది అబద్ధమని, మావయ్య ప్రాణం మీదికొస్తే ఆయన్ని ఆటో ఎక్కించడానికి అలా అన్నానని, మానొద్దని చెప్పిన మాట కోసేశారని, ఆ సీసా పారబోసి ఇప్పుడే బస్సెక్కమని.

పిక్కల చప్పుడు ఆగింది.

"మీ మావ ఎలాగున్నాడమ్మా?"

"బాగున్నాడు. వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు."

"మందు తాగుతన్నాడా?"

భారతి కళ్ళు మూసుకుంది. పొద్దున్నే అతను సంచిలోంచి సీసా తీసి, మూత నిండా పోసుకుని, కళ్ళకద్దుకుని తాగడం ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

"తాగుతున్నాడు."

"మరింకేటి," అంది తవిటమ్మ. కోపం లేదు, కొంచెం నొచ్చుకుంది, అంతే. "సొంత మావకైతే మందు మంచిదన్నావు. నాకాడికొచ్చేసరికి సెడ్డదంటన్నావు. నీ మాట మీద నాలుగేళ్ళు సెయ్యి సాపేనమ్మా. ఇప్పుడు ఏ మాట నమ్మమంటావు?"

"ఈ మాట, తవిటమ్మా. ఇది నమ్ము."

"మళ్ళీ నోరు పెట్టకమ్మా మందు మీద. నాను తాగుతన్నాను కదా." పిక్కల చప్పుడు మళ్ళీ మొదలయింది. "ఉంటాను. ఎండెక్కేలోగా ఈ గంప అయిపోవాల."

భారతి లోపలికి వచ్చింది. ఝాన్సీ నాలుగో కుర్చీ దగ్గర గడియారం చూస్తూ నిలబడింది. మిషను తెర మీద పచ్చదీపం వెలుగుతోంది, గొట్టాల్లో సెలైను తేటగా, ఒక్క బుడగ లేకుండా తిరుగుతోంది.

"అరగంట అయిపోయింది మేడమ్. వెయిటింగులో ఉన్నవాళ్ళని పిలవనా?"

అప్పలసూరి చేతులు కదపకుండా మెడ మాత్రం ఇటు తిప్పాడు. "ఏటన్నాదే? బాగయిందటనా?"

భారతి అతని వైపు చూసింది. ఎర్ర గొట్టంలో అతని రక్తం వస్తోంది, నీలి గొట్టంలో తిరిగి వెళుతోంది. ఇంకా మూడున్నర గంటలుంది.

"బాగుందట మావా," అంది. తర్వాత నాలుగో కుర్చీ మీది దుప్పటి మడతలు సరిచేసి, ఝాన్సీతో, "ఇంకో పది నిమిషాలు ఉంచు," అంది.